చిట్టెలుక కన్ను – మన కంటి చుక్కలు

జనగామ నుండి ఒక శ్రోత ఈ మధ్య ఒక ఉత్తరం వ్రాసినారు. వారి తల్లిగారికి డెబ్బది యేండ్లు. నీటికాసుల వ్యాధికి ప్రతిరోజూ కంటిలో మందు వేసుకొంటున్నారు. ఒక చోట పరీక్ష చేసి కంటి ఒత్తిడి 16 అని వ్రాసి యిచ్చినారట. వారం తిరగకుండానే మరొక చోట, మరొక పరికరంతో చూచి, 21 అన్నారట. ఉత్తరం చివర ఆయన రెండు ప్రశ్నలు వేసినారు. ఈ రెండు అంకెలలో ఏది నిజం? ఈ చుక్కల మందును తొలుత ఎలుకల మీద, కుందేళ్ళ మీద పరీక్షించినారని విన్నాను. మనిషి కంటిలోనే అంకె నిలకడగా రాకపోతే, కందిగింజంత ఎలుక కంటిలో వచ్చిన అంకెను నమ్మి, ఆ మందును మా అమ్మ కంటిలో వేయడం ఎట్లా?

మొదటి ప్రశ్న ఇంటికి సంబంధించినది. రెండవది ప్రయోగశాలకు సంబంధించినది. ఐనా రెండింటికీ సమాధానం ఒక్కచోటనే దొరుకుతుంది. కంటిలోని ఒత్తిడిని మనం కన్నుతో చూడలేము, నేరుగా చేతితో తాకలేము. పైనుండి తాకి, లోపల ఎంత ఉన్నదో ఊహించే సాధనాలనే వాడుతున్నాము. ఆ ఊహకు ఆధారమేమిటి, దానిని సరిచూచే పద్ధతి ఏమిటి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

మన కన్ను ఒక మూసిన గోళం. దాని ముందుభాగంలో, నల్లగుడ్డును కప్పి, గాజువలె పారదర్శకమైన పొర ఒకటి ఉన్నది. దానిని శుక్లపటలమని పాఠ్యపుస్తకాలలో వ్రాస్తారు. వైద్యులు కార్నియా అంటారు. ఈ పొర వెనుక నేత్రోదకమనే నిర్మలమైన ద్రవం నిరంతరం ఊరుతూ, అంచున ఉన్న జల్లెడవంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. నిమిషానికి ఊరేది రెండు మూడు మైక్రోలీటర్లు మాత్రమే. అంటే ఒక్క నీటిబొట్టంత ఊరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. కాకతీయుల చెరువుల నీళ్ళు త్రాగిన ఓరుగల్లు ప్రాంతంవారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. వచ్చే వాగు, పోయే తూము సమంగా ఉన్నంతకాలం చెరువులో మట్టం నిలకడగా ఉంటుంది. తూము పూడినదా, మట్టం పెరిగి కట్టమీద భారం పడుతుంది. కంటిలో తూము పూడితే ఆ భారం వెనుకనున్న దృష్టినాడి మీద పడుతుంది. నాడీతంతువులు ఒక్కొక్కటే నశిస్తాయి. నశించిన తంతువు తిరిగి రాదు. అనేకులలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచులనుండి లోపలికి మెల్లగా కుంచించుకొని పోతుంది. ఇదే నీటికాసులు, గ్లాకోమా.

ఒత్తిడిని రక్తపోటువలెనే పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. 10 మొదలు 21 వరకు సాధారణమని వాడుక. కాని ఈ వాడుకను గుడ్డిగా నమ్మరాదని మన ప్రాంతంలోనే తేలినది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమనే పెద్ద పరిశోధన జరిపినారు. హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలోను పదివేలమందికి పైగా స్త్రీ పురుషులను, పిల్లలను పరీక్షించినారు. హైదరాబాదు నగరంలో బయటపడిన సాధారణ రకపు గ్లాకోమా రోగులలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్లే తెలియదు. వారిలో మూడింట రెండు వంతులమందికి పరీక్షనాడు కంటి ఒత్తిడి 22 కంటె తక్కువగానే ఉన్నది. అంకె ఒక్కటే చూచి ఇంటికి పంపివేస్తే వారంతా చూపు పోగొట్టుకొనే దారిన నడిచి ఉండేవారు.

మరి అంకెకు విలువ లేదా? ఉన్నది. ఈ జబ్బులో వైద్యుడు తన చేతితో తగ్గించగలిగినదని నిరూపణ అయినది ఒత్తిడి ఒక్కటే. మందు పనిచేసినదా లేదా అని ముందుగా చెప్పేది ఆ అంకెయే. కనుక ప్రయోగశాలలో ఒక కొత్త మందు భవితవ్యం అంతా ఆ అంకెమీద ఆధారపడి ఉంటుంది. కొలత తప్పితే పనికిరాని మందు ముందుకు పోవచ్చు. పనికివచ్చే మందు చెత్తబుట్టలో పడవచ్చు.

ఇక పరికరాల సంగతి చూతాము. పూర్వం వైద్యులు రెప్పమీదనుండి రెండు వ్రేళ్ళతో నొక్కి, మామిడికాయ మెత్తబడినదా లేదా అని చూచినట్లు చూచేవారు. 1905లో నార్వే దేశపు వైద్యుడు షియోట్జ్ ఒక చక్కని సాధనం చేసినాడు. వెల్లకిల పరుండిన రోగి కంటిమీద దానిని నిలిపితే, చిన్న కడ్డీ ఒకటి శుక్లపటలాన్ని కొంచెం లోనికి నొక్కుతుంది. మెత్తని కన్నయితే ఎక్కువ దిగుతుంది, గట్టిదయితే తక్కువ దిగుతుంది. ముల్లు చూపిన గీతను పట్టికతో పోల్చి ఒత్తిడిని చెబుతారు. ఆ పట్టిక మనుష్యుల కన్నుల కొలతలతో తయారైనదన్న మాట గుర్తుంచుకోండి.

1950 దశకంలో స్విట్జర్లాండు వైద్యుడు గోల్డ్‌మన్ మరొక మార్గం చూపినాడు. నొక్కి గుంట చేయడం కాక, శుక్లపటలాన్ని 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేరకు చదును చేయడానికి ఎంత బలం కావాలో కొలవడం ఆయన పద్ధతి. ఆ వ్యాసం ఏదో తోచి పెట్టినది కాదు. అంత మేర చదును చేసినప్పుడు పొర బిగువు బయటికి నెట్టే బలమూ, కన్నీటి పొర లోనికి లాగే బలమూ దాదాపుగా చెల్లుకు చెల్లు అవుతాయి. అప్పుడు ఒక గ్రాము బలం 10 మిల్లీమీటర్ల ఒత్తిడికి సరిపోతుంది. ఎంత సులభమైన లెక్క! కంటి వైద్యులు నీలపు వెలుగులో, పసుపుపచ్చని రంగుమందు వేసి చూచేది ఈ పరికరంతోనే. నేటికీ మనుష్యుల విషయంలో దీనినే ప్రమాణంగా పాటిస్తున్నారు. కాని ఈ లెక్క అంతా శుక్లపటలం అరమిల్లీమీటరుకు కొంచెం పైన మందం ఉంటుందన్న నమ్మకంమీద నిలిచినది. అంతకు మందమైన పొర గలవారికి అంకె ఎక్కువగాను, పలుచని పొర గలవారికి తక్కువగాను కనబడవచ్చు.

ఇప్పుడు ఈ పరికరాలను పట్టుకొని ప్రయోగశాలకు పోదాము. మనిషి కంటి గోళం అడ్డకొలత 24 మిల్లీమీటర్లు. కుందేలుది ఇంచుమించు 17. ఎలుకది 6. చిట్టెలుకది మూడుకు కొంచెం పైన. గోల్డ్‌మన్ చదును చేయమన్న వృత్తమే 3.06 మిల్లీమీటర్లు కదా! చిట్టెలుక కన్ను మొత్తం అంతే ఉన్నది. షియోట్జ్ పరికరం కంటిమీద మోపే బరువు 16.5 గ్రాములు, చిట్టెలుక తూకమే పాతిక గ్రాములు. మందమూ అంతే: చిట్టెలుక శుక్లపటలం మన పొరలో అయిదవ వంతు. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులో మిర్చి బస్తాలను తూచే కాటా ఉన్నది. అది మంచి కాటాయే. కాని దానిమీద ముక్కుపుడక బంగారం తూచి, ముల్లు కదలలేదు కనుక బంగారం లేదంటే నవ్విపోతారు. కాటా తప్పు లేదు, బంగారం తప్పు లేదు. తూచబోయిన వాని తెలివి తప్పు.

అందువలన జంతువుల కన్నుల విషయంలో అసలు ప్రమాణం వేరుగా ఉండవలసి వచ్చినది. అది సూదిమార్గం. మత్తు ఇచ్చిన జంతువు కంటి ముందుగదిలోనికి అతి సన్నని సూదిని పోనిచ్చి, దానికి గొట్టం తగిలించి, లోపలి ఒత్తిడిని నేరుగా చదువుతారు. ఇదే దారిలో ఒత్తిడిని మనకు కావలసినంత ఉంచను కూడ వచ్చును. ఆసుపత్రిలో సెలైను సీసాను పైకి ఎత్తితే ధార పెరగడం మీరందరూ చూచే ఉంటారు. పాదరసం నీటికంటె 13.6 రెట్లు బరువు. కాబట్టి సీసాను కంటికంటె 27 సెంటీమీటర్ల ఎత్తున నిలిపితే కంటిలో 20 మిల్లీమీటర్ల ఒత్తిడి ఏర్పడుతుంది. సీసా ఎత్తు మనకు తెలుసు, అది అబద్ధమాడదు. ఆ సమయంలో పైనుండి పరికరాన్ని తాకించి, అది ఎంత చెబుతున్నదో వ్రాసుకొంటారు. సీసాను మెట్లు మెట్లుగా ఎత్తుతూ, 10 దగ్గర ఎంత, 20 దగ్గర ఎంత, 40 దగ్గర ఎంత అని పోల్చి చూస్తారు. పరికరాల పోలిక అంటే ముఖ్యంగా ఇదే.

ఈ పోలికలో నెగ్గడానికి పోటీపడిన చేతి పరికరాలలో రెండింటిని గురించి చెబుతాను. మొదటిది టోనో-పెన్. పేరుకు తగినట్లు కలమంత ఉంటుంది. 1959 ప్రాంతంలో అమెరికాలో మెకాయ్, మార్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సూత్రంమీద ఇది పనిచేస్తుంది. కొనయందు చిన్న చదునైన ముఖం ఉండి, దాని నడుమ ఒత్తిడిని గ్రహించే మీట ఒకటి ఉంటుంది. కుందేళ్ళకు, ఎలుకలకు ఇది ఉపయోగపడినది. ఐతే ఎలుక కంటిలో అది చెప్పిన అంకెను ఉన్నదున్నట్లు తీసుకొనరాదు. సూదిమార్గంతో సరిచూచుకొన్న సవరణ చేసుకొనవలెను. చిట్టెలుక దగ్గరకు వచ్చేసరికి దాని ముఖమే కంటికి పెద్దదై, అంకెలు నమ్మదగకుండా పోయినవి.

రెండవది ఫిన్లండు దేశంలో కాంటియోలా అనే ఆయన రూపొందించినది. దాని సూత్రం పిల్లల బంతి ఆటలోనే ఉన్నది. గాలి నిండుగా ఉన్న బంతిని గోడకు కొడితే చటుక్కున తిరిగి వస్తుంది. గాలి తగ్గినది మెల్లగా వస్తుంది. ఇక్కడ కొట్టేది కంటినే, కొట్టే వస్తువు కొన్ని పదుల మిల్లీగ్రాముల బరువు గల సన్నని పుల్ల. దాని కొన గుండ్రంగా ఉంటుంది. తీగచుట్టలోని అయస్కాంతబలం ఆ పుల్లను ముందుకు పంపుతుంది. అది శుక్లపటలాన్ని తాకి వెనుకకు వస్తుంది. ఒత్తిడి ఎక్కువైనకొద్దీ అది త్వరగా ఆగి వెనుదిరుగుతుంది. ఆ కదలిక తీగచుట్టలో పుట్టించే విద్యుత్తునుబట్టి పరికరం అంకె చెబుతుంది. తాకిడి ఎంత స్వల్పమంటే మనుష్యులకు తిమ్మిరిమందు వేయనక్కరలేకుండానే వాడుతున్నారు. ఎలుకల కొరకు, చిట్టెలుకల కొరకు తగిన లెక్కలతో దీనినే టోనోల్యాబ్ అనే పేరున తయారుచేసినారు. సూదిమార్గంతో పోల్చినప్పుడు చిట్టెలుక కంటిలో కూడ ఇది సన్నిహితమైన అంకెలు చెప్పినది. నేడు ఈ చిన్న జంతువులమీది పరిశోధనలో దీనిదే పెద్ద వాడకం.

సన్నిహితమంటే ఏమిటి? ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. రెండు పరికరాలలో ఒకటి పెరిగినప్పుడు రెండవదీ పెరిగితే, రెండూ ఒకటేనని భ్రమపడతాము. మీ యింటి గడియారం రేడియో సమయంకంటె ఎప్పుడూ అయిదు నిమిషాలు వెనుక నడుస్తున్నదనుకోండి. అది రేడియోతో కలిసి నడుస్తున్నది, కాని దానితో ఏకీభవించడం లేదు. ఐనా నష్టం లేదు. అయిదు కలుపుకొంటే సరి. మరొక గడియారం ఒకనాడు ముందు, ఒకనాడు వెనుక నడుస్తుంది. నెల మొత్తంమీద సగటు తీస్తే తేడా సున్నా! కాని దానిని నమ్మి రైలుకు పోయినవాడు కాజీపేట స్టేషనులో నిలబడి పోవలసినదే. ఈ రెండు లోపాలను విడదీసి చూపే పద్ధతిని 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఆంగ్ల గణాంకశాస్త్రజ్ఞులు వైద్యులకు బోధించినారు. పరికరాల సగటు తేడా ఎంత, ఆ తేడా ఒక్కొక్క కొలతలో ఎంతవరకు ఊగిసలాడుతున్నది అని రెండూ చెప్పకుండా పోలిక పూర్తి కాదు.

పరికరం మంచిదైనంత మాత్రాన పని ముగియలేదు. కొలిచే చేయి, కొలిచే వేళ, జంతువు స్థితి కూడ అంకెలోనికి వస్తాయి. మెడ దగ్గర బిగించి పట్టుకొంటే ఒత్తిడి పెరుగుతుంది. మత్తు ఇస్తే చాలా మందులతో కొద్ది నిమిషాలలోనే తగ్గుతుంది. ఎలుకలు రాత్రి సంచరించే ప్రాణులు. చీకటివేళ వాటి కంటి ఒత్తిడి పగటికంటె ఎక్కువ. చిట్టెలుకలలో ఒక వంశానికి 10 సాధారణమైతే మరొక వంశానికి 20 సాధారణం కావచ్చు. ఉదయం మందు లేకుండా ఒకసారి, సాయంత్రం మందు వేసి మరొకసారి కొలిచి తేడా చూపితే, అందులో మందు భాగమెంత, పొద్దు భాగమెంత? అందుకనే నిజాయితీ గల పరిశోధకులు ఒకే వేళకు కొలుస్తారు. జంతువులను కొన్ని రోజులు చేతికి మచ్చిక చేసుకొంటారు. ఏ కంటిలో మందు పడినదో కొలిచేవారికి తెలియనివ్వరు.

కొలిచే మార్గమే కొలవవలసిన దానిని మార్చివేసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కుందేలు కంటిలో మంటను, ఒత్తిడిని పెంచుతాయని మొదట తేలినది. కుందేలు కన్ను మహా సుకుమారం. దానిలో సూది గుచ్చితే చాలు, ఆ పదార్థాలు లోపలనే పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. ఇటువంటి పదార్థం నీటికాసులకు మందు కాగలదని ఎవరనుకొంటారు? 1977లో అమెరికాలో కామ్రాస్, బిటో అనే పరిశోధకులు సూది గుచ్చకుండా, మత్తు ఇవ్వకుండా, మేలుకొని ఉన్న కుందేళ్ళ కళ్ళలో దానిని చుక్కలుగా వేసి, పైనుండే కొలిచి చూచినారు. తొలుత కొంత పెరిగినా, తరువాత ఒత్తిడి తగ్గి చాలాసేపు అట్లాగే నిలిచినది. ఆ దారిలో నడిచి వచ్చినదే 1996లో అమెరికాలో అనుమతి పొందిన లాటనోప్రోస్ట్. ఈనాడు మన మందుల దుకాణాలలో దొరికే, రోజుకొక్కసారి వేసుకొనే గ్లాకోమా చుక్కలలో ప్రసిద్ధమైనది అదియే. విచిత్రమేమంటే లాటనోప్రోస్ట్ కుందేలు కంటిలో అంతగా పనిచేయదు. కుందేలును మాత్రమే నమ్మి కూర్చొన్నట్లయితే ఈ మందు మనకు దక్కేది కాదు. పరికరమే కాదు, జంతువును కూడ ప్రశ్నకు తగినట్లు ఎన్నుకొనవలెను.

మరొక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అసమగ్రమవుతుంది. ఆ ఎలుకకు, ఆ కుందేలుకు నోరు లేదు. మన చూపు కొరకు అవి తమ కన్నులను ఇస్తున్నవి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు జంతుప్రయోగాలకు మూడు నియమాలు చెప్పినారు: వేరే మార్గముంటే జంతువును వాడరాదు, వాడక తప్పకపోతే తక్కువ సంఖ్యలో వాడవలెను, వాడినప్పుడు బాధ తగ్గించవలెను. మన దేశంలో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం ప్రయోగాలను పర్యవేక్షించే సంఘం ఏర్పడినది. దాని నియమాల ప్రకారం ప్రయోగాలు జరిపే సంస్థలలో నైతిక సమితి ఉండవలెను. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగశాలా జంతువులకొక ప్రత్యేక కేంద్రం పనిచేసి, ఇతర సంస్థలకు కూడ జంతువులను పెంచి యిచ్చినది. జంతువులను పెంచడం, చూచుకోవడం అక్కడ ఒక శాస్త్రం. మంచి పరికరం ఈ ధర్మానికి ఎట్లా తోడ్పడుతుందో చూడండి. సూది గుచ్చిన కన్ను వెంటనే మళ్ళీ మొదటి స్థితికి రాదు. తరచుగా ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క ప్రాణి కావలసి వస్తుంది. పుల్ల తాకించే పరికరంతో అదే ప్రాణిని నెలల తరబడి, హాని లేకుండా కొలవవచ్చు. కొలత ఎంత నిలకడగా ఉంటే అన్ని తక్కువ ప్రాణులతో నిజం తెలుస్తుంది. తప్పు కొలతకు బలియైన ప్రాణి మాత్రం ఎవరికీ ఉపకరించకుండా పోయినట్లే.

ఇక జనగామ శ్రోతగారికి సమాధానం. అమ్మగారి 16, 21 రెండూ నిజమే కావచ్చు. పరికరాలు వేరు, వేళ వేరు. మనిషి కంటిలో కూడ ఒత్తిడి రోజంతా ఒక్కతీరున ఉండదు. కనుక సాధ్యమైనంతవరకు ఒకేచోట, ఒకే రకపు పరికరంతో, ఇంచుమించు ఒకే వేళకు చూపించండి. అంకె పక్కన పరికరం పేరు, వేళ వ్రాసి ఇమ్మని అడగండి. ఒక్కసారి శుక్లపటలం మందం కొలిపించండి. దృష్టినాడిని, చుట్టుచూపును పరీక్షించమని కోరండి; ఒత్తిడి అంకె వాటికి తోడే కాని వాటికి బదులు కాదు. అంకె తగ్గినదని చుక్కలు మానవద్దు. చుక్కలు వేస్తున్నందువలననే అది తగ్గినది. కన్ను ఎర్రబడినదని దుకాణంలో అడిగి స్టిరాయిడ్ చుక్కలు తెచ్చి వాడవద్దు. కొందరి కంటిలో అవి ఒత్తిడిని పెంచి ఇదే జబ్బును తెచ్చిపెడతాయి.

ఎలుక కంటి అంకెను నమ్మవచ్చునా అన్నారు. ఏ పరికరంతో, ఏ ప్రాణిలో, ఏ వేళ కొలిచినారో, దానిని సూదిమార్గంతో ఎట్లా సరిచూచినారో చెప్పిన అంకెను నమ్మవచ్చు. ఐనా ఆ అంకె మందుకు తొలిమెట్టు మాత్రమే. ఆ తరువాత మనుష్యులలో జరిగిన పరీక్షలు దాటివచ్చిన పిమ్మటనే ఆ చుక్క మీ అమ్మగారి కంటివరకు వచ్చినది. రేపు ఉదయం ఆమె తల పైకెత్తి, రెప్ప క్రిందికి లాగి, ఆ చుక్కను వేసుకొనేటప్పుడు నిశ్చింతగా వేసుకొనవచ్చునని నా మాటగా చెప్పండి.